బడిలో వేధింపులు: చట్టం చూడని మూలలు

బలహీనుడైన తోటి విద్యార్థిని పదేపదే అవమానించడం, బెదిరించడం, వెలివేయడం బుల్లీయింగ్ అనిపించుకుంటుంది. సమఉజ్జీల మధ్య ఒక్కసారి రేగే గొడవ ఆ కోవలోకి రాదు. నార్వేలో 1983లో మనస్తత్వవేత్త డాన్ ఒల్వేయస్ చేపట్టిన కార్యక్రమం వేధించినవాణ్ణే కాక, చూస్తూ ఊరుకున్న తరగతినీ, ఉపాధ్యాయులనూ, తల్లిదండ్రులనూ కూడా బాధ్యులను చేసింది. ఆంధ్రప్రదేశ్‌లో 1997 నాటి ర్యాగింగ్ నిషేధ చట్టం ప్రధానంగా శిక్షల చట్టం. విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ మానసిక వేధింపును నిషేధించినా, దాన్ని ఉపాధ్యాయుల బెత్తానికే అన్వయించడం పరిపాటి. నిషేధాలు ఇప్పటికే ఉన్నాయి; లేనిది బడిలో అందరూ పంచుకునే బాధ్యత. కాబట్టి తెనాలి, బాపట్ల, రేపల్లె మునిసిపల్ పాఠశాలలకు కావలసింది కొత్త చట్టం కాదు. విద్యాహక్కు చట్టం ప్రకారం సభ్యుల్లో కనీసం 75 శాతం తల్లిదండ్రులే ఉండవలసిన పాఠశాల యాజమాన్య కమిటీ ఈ బాధ్యతను తలకెత్తుకొని, మధ్యాహ్న భోజన విరామంలో మెట్ల దగ్గర, మరుగుదొడ్ల దగ్గర పెద్దల కన్ను ఉండేలా చూడాలి. వేధింపులకు గురైన పిల్లలు 1098 నంబరుకు ఉచితంగా ఫోన్ చేయవచ్చు.