ఇల్లు చేరినా... లెక్క తప్పదు!

అమెరికాలో పదిహేనేళ్లు ఉద్యోగం చేసి, అమ్మానాన్నల కోసం హైదరాబాద్ వచ్చేస్తారు. ఇక అక్కడి పన్నుతో పనేముందనుకుంటారు. కానీ పౌరసత్వమో, గ్రీన్‌కార్డో ఉంటే ప్రపంచంలో ఎక్కడున్నా, ఆదాయం నిర్ణీత పరిమితి దాటితే ఏటా అమెరికాలో రిటర్ను వేయాల్సిందే. గ్రీన్‌కార్డు గడువు తీరినంత మాత్రాన బాధ్యత తీరదు. దాన్ని అధికారికంగా వదులుకోవాలి.

మరి రెండుచోట్లా పన్ను కట్టాలా? ఆ భయం అక్కర్లేదు. 1989లో ఇరుదేశాలూ ఒప్పందం చేసుకున్నాయి. ఇక్కడి ఆదాయంపై ఇక్కడ కట్టిన పన్నును ఫారం 1116 ద్వారా అక్కడ చాలావరకు తగ్గించుకోవచ్చు. విదేశాల్లో నివసించేవారికి ఏప్రిల్ 15 గడువు దానంతటదే జూన్ 15కి మారుతుంది. బాకీ ఉంటే వడ్డీ మాత్రం ఏప్రిల్ నుంచే!

అసలు చిక్కు బ్యాంకు ఖాతాలతోనే. అమెరికా బయట ఉన్న ఖాతాలన్నిట్లో కలిపి సొమ్ము ఏడాదిలో ఒక్కరోజైనా 10,000 డాలర్లు దాటితే, ఎఫ్‌బార్ అనే నివేదిక విడిగా ఇవ్వాలి. అమ్మతో కలిసి వేసిన ఫిక్స్‌డ్ డిపాజిట్ కూడా అందులోకే వస్తుంది. పన్ను పైసా పడకున్నా, ఆ వివరం దాచినా మరిచినా జరిమానా వేల డాలర్లలో ఉండొచ్చు. అందుకే... రిటర్ను వేసేముందు అమ్మ పాస్‌బుక్కూ ఓసారి తిరగేయాలి!