45 వేల గేమింగ్ మదర్‌బోర్డుతో ఏడాదిన్నర: ఆ డబ్బుకు నిజంగా ఏం వచ్చింది?

పోయిన నెల ఖమ్మం నుంచి మా పిన్ని కొడుకు వాట్సాప్‌లో ఒక లిస్టు పంపాడు. వాడిది బీటెక్ రెండో సంవత్సరం. కొత్త పీసీకి బాబాయి లక్షన్నర ఇస్తానన్నాడట, కానీ ఒక షరతు: మళ్లీ నాలుగేళ్ల దాకా కంప్యూటర్ పేరెత్తకూడదు. లిస్టు చూశా. ప్రాసెసర్ రైజెన్ 7 7800ఎక్స్3డి, బాగుంది. గ్రాఫిక్స్ కార్డు ఆర్‌టీఎక్స్ 4060, సుమారు 30 వేలు. మదర్‌బోర్డు మాత్రం 42 వేలు!

"ఇదేంట్రా, కార్డు కంటే బోర్డు ఖరీదెక్కువ పెట్టావ్?" అన్నా.

"నీ దగ్గరున్నది అలాంటిదే కదన్నా" అన్నాడు.

అదీ నిజమే. ఏడాదిన్నర క్రితం నా మొదటి బోనస్ పడగానే సికింద్రాబాద్ సీటీసీకి వెళ్లి 45 వేలు పెట్టి ఎక్స్670ఈ చిప్‌సెట్ ఉన్న హై ఎండ్ గేమింగ్ బోర్డు తెచ్చుకున్నా. ఆ ఫొటోలన్నీ ఇన్‌స్టాలో పెట్టింది కూడా నేనే. కానీ ఆ ఫొటోల్లో కనిపించని విషయాలు చాలా ఉన్నాయి. వాడికి ఫోన్లో గంటసేపు చెప్పినవే ఇక్కడ రాస్తున్నా. బ్రాండ్ పేరు కావాలనే రాయట్లేదు. ఏఎం5 సాకెట్‌కి ఖరీదైన బోర్డు ఏది కొన్నా, ఇందులో చాలావరకు మీకూ ఎదురవుతాయి.

మొదటి రాత్రి: నల్ల స్క్రీన్

అన్నీ బిగించి, పవర్ బటన్ నొక్కా. ఫ్యాన్లు తిరిగాయి, ఆర్‌జీబీ లైట్లు వెలిగాయి. మానిటర్ మాత్రం నల్లగానే ఉంది. రెండు నిమిషాలు చూశా, ఏమీ లేదు. పవర్ ఆపేసి ర్యామ్ తీసి పెట్టా. మళ్లీ అదే. ఇంకోసారి ఆపేశా. రాత్రి పన్నెండున్నరకి నా 45 వేలు పోయాయనే అనుకున్నా.

తప్పు నాదే. డీడీఆర్5 ర్యామ్‌తో ఏఎం5 సిస్టమ్ మొదటిసారి ఆన్ అయినప్పుడు "మెమరీ ట్రైనింగ్" జరుగుతుంది. అంటే ప్రాసెసర్‌కీ ర్యామ్‌కీ మధ్య సిగ్నల్స్ ఏ టైమింగ్‌లో, ఎంత వోల్టేజ్‌లో సరిగ్గా వెళ్తున్నాయో బోర్డు ఒక్కొక్కటిగా ప్రయత్నించి చూసుకుంటుంది. దీనికి కొన్ని నిమిషాలు పడుతుంది. ర్యామ్ ఎక్కువుంటే ఇంకా ఎక్కువ. మధ్యలో పవర్ ఆపేస్తే కథ మళ్లీ మొదటికే. నేను మూడుసార్లు చేసింది అదే!

నాలుగోసారి విసుగొచ్చి ఆన్ చేసి వదిలేసి, మ్యాగీ చేసుకుని వచ్చేసరికి బయోస్ స్క్రీన్ కనిపించింది. బయోస్ అప్‌డేట్ చేసినా, సీమోస్ క్లియర్ చేసినా ఈ ట్రైనింగ్ మళ్లీ జరుగుతుంది. కాబట్టి కొత్తగా బిల్డ్ చేస్తున్నవాళ్లు మొదటిసారి కనీసం పదిహేను నిమిషాలు దాన్ని ముట్టుకోకండి. రోజూ బూట్ లేటవుతుంటే బయోస్‌లో "మెమరీ కాంటెక్స్ట్ రీస్టోర్" ఆన్ చేస్తే పాత ట్రైనింగ్ ఫలితాలనే మళ్లీ వాడుకుంటుంది. అయితే కొన్ని ర్యామ్ కిట్లతో దీనివల్ల క్రాష్‌లు వస్తాయి. వస్తే ఆఫ్ చేసేయండి.

ఎఫ్‌పీఎస్ ఎంత పెరిగింది?

అందరూ అడిగేది ఇదే. మా రూమ్మేట్ దగ్గర 15 వేల బీ650 బోర్డు ఉంది. ఒక ఆదివారం నా 7800ఎక్స్3డి, నా ర్యామ్, నా ఆర్‌టీఎక్స్ 4070 సూపర్ తీసి వాడి బోర్డులో పెట్టి సైబర్‌పంక్, కౌంటర్ స్ట్రైక్ 2 ఆడి చూశాం. తేడా రెండు మూడు ఫ్రేములు. అదీ ఒకసారి నా బోర్డు ముందు, ఇంకోసారి వాడిది ముందు. ఒకే బోర్డు మీద రెండుసార్లు టెస్ట్ చేసినా అంత తేడా వస్తుంది.

ఆలోచిస్తే ఇందులో వింతేమీ లేదు. ఖరీదైన బోర్డులో డబ్బు ఎక్కువగా పోయేది వీఆర్ఎం మీద, అంటే ప్రాసెసర్‌కి కరెంటును సరిచేసి ఇచ్చే భాగం మీద. 16 కోర్ల 7950ఎక్స్ లాంటి ప్రాసెసర్ 230 వాట్ల దాకా లాగుతుంది. దాన్ని ఓవర్‌క్లాక్ చేసేవాళ్లకి ఆ బలమైన వీఆర్ఎం కావాలి. 7800ఎక్స్3డి గరిష్ఠ పరిమితే 162 వాట్లు, గేమ్స్‌లో వంద కూడా దాటదు. పైగా దాని మల్టిప్లయర్ లాక్ అయి ఉంటుంది, కాబట్టి మామూలు ఓవర్‌క్లాకింగ్ కుదరనే కుదరదు. ఎడ్లబండికి విమానం ఇంజిన్ పెట్టినట్టు, దానికి నేను ఓవర్‌క్లాకింగ్ బోర్డు కొన్నా.

నాలుగు స్లాట్లున్నాయి కదా అని..

16 జీబీ స్టిక్కులు రెండుండేవి. ఆఫర్‌లో కనబడితే అదే మోడల్ ఇంకో రెండు కొనేశా. పెట్టి ఆన్ చేస్తే ఎక్స్‌పో ప్రొఫైల్‌లో 6000 దగ్గర అసలు బూటే కాలేదు. డిఫాల్ట్‌లో బూట్ అయింది కానీ టాస్క్ మేనేజర్‌లో స్పీడ్ 3600 చూపించింది. మొదట బోర్డులోనే లోపం ఉందనుకున్నా.

లోపం కాదు. ఏఎం5లో మెమరీ కంట్రోలర్ ప్రాసెసర్‌లో ఉంటుంది, బోర్డులో కాదు. రైజెన్ 7000 సిరీస్‌కి ఏఎండీ అధికారికంగా చెప్పిన స్పీడ్ రెండు స్టిక్కులతో 5200, నాలుగు స్టిక్కులతో 3600. బోర్డు ఎంత ఖరీదైనదైనా ఈ లెక్క మారదు. ఓవర్‌క్లాకింగ్ కోసమే చేసిన కొన్ని ఖరీదైన బోర్డుల్లో రెండే ర్యామ్ స్లాట్లు ఎందుకుంటాయో నాకు అప్పుడు అర్థమైంది. 64 జీబీ కావాలంటే మొదటే 32 జీబీ స్టిక్కులు రెండు కొనండి. నేను అదనంగా కొన్న ఆ రెండూ నష్టానికి అమ్మేశా.

రెండో ఎస్ఎస్‌డీ పెడితే కార్డుకి కోత

బోర్డు మీద ఎం.2 స్లాట్లు చాలానే ఉన్నాయి. రెండో ఎస్ఎస్‌డీ కొని, చేతికి అందిన స్లాట్‌లో పెట్టేశా. వారం తర్వాత ఏదో పనికి జీపీయూ-జెడ్ తెరిస్తే గ్రాఫిక్స్ కార్డు 16 లేన్లకు బదులు 8 లేన్ల మీద నడుస్తోంది!

ఇది కూడా లెక్కే. ఏఎం5 ప్రాసెసర్ నుంచి మనం వాడుకోగలిగే పీసీఐఈ లేన్లు 24. అందులో 16 గ్రాఫిక్స్ కార్డుకి, మిగతా 8 ఎస్ఎస్‌డీలకో యూఎస్‌బీ4కో. అంతకంటే ఎక్కువ స్లాట్లను నేరుగా ప్రాసెసర్‌కి కలపాలంటే గ్రాఫిక్స్ కార్డు వాటా లోంచే తీయాలి. నేను పెట్టిన స్లాట్ అలాంటిదే. ఈ విషయం మాన్యువల్‌లో చిన్న అక్షరాల్లో ఒక ఫుట్‌నోట్‌గా ఉంది. చిప్‌సెట్ వైపు ఉన్న స్లాట్‌కి ఎస్ఎస్‌డీ మార్చగానే మళ్లీ 16 వచ్చింది. నిజానికి 8 లేన్ల మీద ఉన్నా ఆ కార్డుతో గేమ్స్‌లో తేడా కనిపెట్టడం కష్టం. కానీ 45 వేలు పెట్టినవాడికి మనసొప్పదు కదా.

ఒక టిప్: జీపీయూ-జెడ్‌లో చూసేటప్పుడు పక్కనున్న ప్రశ్న గుర్తు నొక్కి రెండర్ టెస్ట్ నడపండి. కార్డు ఖాళీగా ఉన్నప్పుడు పవర్ ఆదా కోసం తక్కువ పీసీఐఈ వెర్షన్ చూపిస్తుంది, అది చూసి కంగారు పడొద్దు.

బయోస్, కరెంటు కోత, ఒక చిన్న బటన్

2023 ఏప్రిల్‌లో కొన్ని రైజెన్ 7000ఎక్స్3డి ప్రాసెసర్లు బోర్డు మీదే కాలిపోయిన ఫొటోలు చాలామంది చూసే ఉంటారు. ఎక్స్‌పో ఆన్ చేసినప్పుడు కొన్ని బోర్డులు ఎస్ఓసీ వోల్టేజ్‌ని ఎక్కువగా పెంచేయడం గురించి అప్పుడే పెద్ద చర్చ జరిగింది. ఆ తర్వాత కొత్త బయోస్‌లతో ఎస్ఓసీ వోల్టేజ్‌ని 1.3 దాటకుండా కట్టడి చేశారు.

నాకు ఇచ్చిన బోర్డు డబ్బా షాపులో చాలాకాలంగా ఉన్నదనుకుంటా, లోపల ఆ కట్టడికి ముందున్న బయోసే ఉంది. ఎక్స్‌పో ఆన్ చేసి హెచ్‌డబ్ల్యూఇన్ఫోలో చూస్తే ఎస్ఓసీ వోల్టేజ్ 1.35 ఉంది. గుండె ఝల్లుమంది. వెంటనే అప్‌డేట్ మొదలుపెట్టా. సగంలో కరెంటు పోయింది. ఇన్వర్టర్ ఉంది కానీ అది పీసీ ఉన్న ప్లగ్‌కి లేదు.

మళ్లీ ఆన్ చేస్తే ఏమీ రాలేదు. ఈసారి నిజంగానే పోయింది. అప్పుడు గుర్తొచ్చింది బోర్డు వెనకున్న బయోస్ ఫ్లాష్‌బ్యాక్ బటన్. పెన్‌డ్రైవ్‌ని ఫ్యాట్32లో ఫార్మాట్ చేసి, బయోస్ ఫైల్‌కి మాన్యువల్‌లో చెప్పిన పేరు పెట్టి, దానికని గుర్తు పెట్టిన యూఎస్‌బీ పోర్టులో గుచ్చి బటన్ నొక్కా. లైటు మిణుకుమిణుకుమంటూ ఐదారు నిమిషాలు నడిచింది. బోర్డు లేచి కూర్చుంది! ఎస్ఓసీ వోల్టేజ్ 1.3 లోపలికి దిగింది.

ఆ రాత్రి ఆ బటన్‌కి దండం పెట్టా. కానీ తర్వాత తెలిసిందేంటంటే, మా రూమ్మేట్ 15 వేల బోర్డుకీ అదే బటన్ ఉంది.

వారంటీ కాగితం కాపాడనిది

నా ఆఫీస్ ఫ్రెండ్ ఒకడు కూడా దాదాపు ఇలాంటి బోర్డే కొన్నాడు. థర్మల్ పేస్ట్ మార్చడానికి ప్రాసెసర్ తీస్తుంటే చెయ్యి జారి అది సాకెట్ మీద పడింది. ఏఎం5లో పిన్నులు ప్రాసెసర్‌కి ఉండవు, 1718 పిన్నులూ బోర్డు సాకెట్‌లోనే ఉంటాయి, వెంట్రుకలంత సన్నగా. ఒక మూల నాలుగైదు వంగిపోయాయి.

సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్తే ఒక్క నిమిషం లెన్స్‌తో చూసి "ఫిజికల్ డ్యామేజ్ సర్, వారంటీ రాదు" అన్నారు. మూడేళ్ల వారంటీలో ఇంకా రెండున్నరేళ్లు మిగిలుంది. చివరికి అబిడ్స్ జగదీశ్ మార్కెట్‌లో మైక్రోస్కోప్ కింద ఫోన్ బోర్డులు బాగుచేసే ఒకాయన పిన్నులు సరిచేశాడు. బోర్డు ఆన్ అయింది కానీ ఒక మెమరీ చానెల్ రాలేదు. ఈ రోజుకీ మావాడు 40 వేల పైచిలుకు బోర్డు మీద ఒక్క ర్యామ్ స్టిక్‌తో నెట్టుకొస్తున్నాడు.

సాకెట్ మీద వచ్చే ప్లాస్టిక్ మూత పారేయకండి. బోర్డు సర్వీస్‌కి ఇచ్చేటప్పుడు అడుగుతారు.

మరి డబ్బుకి తగ్గట్టు ఏమొచ్చింది?

అంతా వృథా అనను. నాకు నిజంగా ఉపయోగపడినవి ఇవి:

- రెండంకెల డీబగ్ డిస్‌ప్లే: ఏదైనా తేడా వస్తే ఎక్కడ ఆగిందో కోడ్ చూపిస్తుంది. నాలుగు ర్యామ్ స్టిక్కుల గొడవ దీనివల్లే త్వరగా తేలింది. చవక బోర్డుల్లో నాలుగు చిన్న లైట్లే ఉంటాయి.
- వెనక పోర్టులు: కీబోర్డు, మౌస్, మైక్, వెబ్‌క్యామ్, వీల్ అన్నీ పెట్టినా ఇంకా ఖాళీ ఉన్నాయి. ఎక్స్670ఈలో చిప్‌సెట్ చిప్పులు రెండు, బీ650లో ఒకటే. ఈ తేడా పోర్టుల్లో కనిపిస్తుంది.
- కార్డు తీసే బటన్: పెద్ద గ్రాఫిక్స్ కార్డు కింద లాచ్‌కి వేలు అందదు. ఈ బటన్ ఉంటే స్క్రూడ్రైవర్‌తో కుస్తీ పట్టక్కర్లేదు.

ఉపయోగపడనివి: వేగవంతమైన లాన్ పోర్టు (మా ఇంటి ఇంటర్నెట్ 200 ఎంబీపీఎస్), పీసీఐఈ 5.0 స్లాట్ (నా కార్డు 4.0), బోర్డు మీది చిన్న స్క్రీన్ (టేబుల్ కింద ఉంటుంది, ఎవరు చూస్తారు?).

ఎవరు కొనాలి?

12 లేదా 16 కోర్ల ప్రాసెసర్‌తో రోజూ గంటల తరబడి వీడియో రెండరింగ్ చేసేవాళ్లు, నాలుగైదు ఎస్ఎస్‌డీలు పెట్టుకునేవాళ్లు, ఓవర్‌క్లాకింగే హాబీగా ఉన్నవాళ్లు కొనొచ్చు. గేమ్స్ ఆడటానికే అయితే మంచి బీ650 బోర్డు చాలు. కొనే ముందు కంపెనీ సైట్ నుంచి మాన్యువల్ పీడీఎఫ్ దించుకుని మూడు పేజీలు చదవండి: ఎం.2 స్లాట్ల పట్టిక, ర్యామ్ స్లాట్ల పట్టిక, బయోస్ ఫ్లాష్‌బ్యాక్. ఆ పదిహేను నిమిషాలు నేను ముందే పెట్టి ఉంటే ఈ ఆర్టికల్‌లో సగం ఉండేది కాదు.

"రేపు కొత్త ప్రాసెసర్ వస్తే చవక బోర్డు పనికొస్తుందా?" అని మావాడు అడిగాడు. 2024లో వచ్చిన రైజెన్ 9000 సిరీస్ కూడా బయోస్ అప్‌డేట్‌తో బీ650లో నడుస్తుంది. అప్‌గ్రేడ్ దారి సాకెట్‌ని బట్టి ఉంటుంది, బోర్డు ధరను బట్టి కాదు.

చివరికి వాడి లిస్టులో బోర్డు 15 వేలకి దిగింది. మిగిలిన 27 వేలు గ్రాఫిక్స్ కార్డుకి వెళ్లాయి, 4060 స్థానంలో 4070 వచ్చింది. అదే లక్షన్నర, అదే ప్రాసెసర్. నిన్న బిల్డ్ పూర్తయింది. రాత్రి పదకొండుకి ఫోన్ చేశాడు.

"అన్నా, ఫ్యాన్లు తిరుగుతున్నాయి కానీ స్క్రీన్ నల్లగా ఉంది. ఆపేయనా?"

"ముట్టుకోకు. వెళ్లి అన్నం తినిరా" అన్నా.