టారో పేకతో పరిచయం

మా చిన్నప్పుడు అమలాపురంలో చిలకజోస్యం అతను వీధిలోకొస్తే అమ్మలంతా అరుగుల మీదికి చేరేవారు. ఇప్పుడు చిలకను పట్టి పంజరంలో పెడితే, 1972 నాటి వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం. మా చిన్న తోటికోడలు మాత్రం టారో పేక కొనుక్కొచ్చింది.

ఇందులో 78 ముక్కలు. 22 పెద్దవి. మిగతా 56, మన ఇస్పేటు, కళావరుల్లాగే నాలుగు రకాలు, రకానికి 14. 15వ శతాబ్దంలో ఇటలీలో ఇది వట్టి ఆటే. జోస్యం 18వ శతాబ్దంలో వచ్చి చేరింది. నేటి కొత్త పేకలు చాలామటుకు 1909లో పమేలా కోల్మన్ స్మిత్ అనే ఆవిడ వేసిన బొమ్మలనే అనుసరిస్తాయి.

మొదటి రోజే మా పిల్లకి గుర్రమెక్కిన అస్థిపంజరం వచ్చింది. మర్నాడు వాళ్ళ నాన్నగారికి ఆపరేషన్! అన్నం ముట్టలేదు. ముక్కను వెలుతురులో పెట్టి చూపించాను. వెనకాల రెండు బురుజుల మధ్య సూర్యుడున్నాడు. ఒకటి ముగిసి మరొకటి మొదలవడమని దానికి అర్థం చెబుతారు.

అందుకే కొత్త పేకను ముందు ఏమీ అడక్కండి. రోజుకొక ముక్క తీసి, కనబడింది రాసుకోండి. అర్థాల పుస్తకం తర్వాత చూడవచ్చు. అది మన మనసులోని మాటను బయటికి తెస్తే తేవచ్చు. ఆపరేషన్ సంగతి మాత్రం డాక్టరుగారిని అడగాలి గాని, అట్టముక్కను కాదు కదా!