దూరదర్శినికి తిరుగుడు పీఠము

భూమి 23 గంటల 56 నిమిషములలో ఒకమారు తన చుట్టు తాను తిరుగును. అందుచే ఆకాశ మధ్యరేఖ వద్ద గ్రహములు, నక్షత్రములు నిమిషమునకు పావు డిగ్రీ చొప్పున పడమరకు జరుగుచున్నట్లు కనిపించును. అర డిగ్రీ మేర మాత్రమే చూపు దూరదర్శినిని కదపకున్నచో శనిగ్రహము రెండు నిమిషములలో దాటిపోవును. వరుసలో వెనుక నిలిచిన విద్యార్థులకు ఉత్త ఆకాశమే మిగులును.

ఇందుకు ఫ్రాన్సు దేశస్థుడు పోన్సే 1977లో ఒక పీఠమును ప్రకటించెను. దానిపై నిలిపిన దూరదర్శినిని చిన్న మోటారు భూభ్రమణమునకు ఎదురుదిశలో మెల్లగా త్రిప్పును. సుమారు గంటకొకసారి పీఠమును వెనుకకు జరుపవలెను.

పీఠమును ఎన్నుకొనునపుడు మొదట చూడవలసినది అక్షాంశము. పీఠము తిరుగు అక్షము భూమి అక్షమునకు సమాంతరముగ, అనగా హైదరాబాదులో ఉత్తర దిక్కున సుమారు 17 డిగ్రీల ఎత్తుకు గురిగ, ఉండవలెను. 40 డిగ్రీల అక్షాంశమునకు చేసినది ఎంత ఖరీదైనదైనను, ఇక్కడ శనిని నిలుపజాలదు.