గళ్లలో గుండ్రటి అక్షరం



కంప్యూటర్ ఆటలు సొంతంగా తయారుచేసే పిల్లలకు తరచూ వచ్చే సందేహం ఒకటుంది: బొమ్మ అంచులు రంపపు పళ్లలా ఎందుకు కనిపిస్తాయి? దీనికి తెలుగు టీచరు జవాబు చెప్పడమేమిటని అనుకోకండి. గుండ్రటి గీతలతో రోజూ పనిచేసేవాళ్లం మేమే కదా!

తెర అంతా చిన్న చిన్న చదరపు గళ్లు. ఒక్కో గడిని పిక్సెల్ అంటాం. ఆటలో కదిలే బొమ్మ పేరు స్ప్రైట్. చుక్కల ముగ్గులో చుక్కలు వరుసగా ఉన్నా గీత వాటి మధ్య ఇష్టమొచ్చినట్టు తిరుగుతుంది. తెర మీద ఆ స్వేచ్ఛ లేదు. గీత కూడా గళ్లతోనే రావాలి. అడ్డగీత, నిలువుగీత నున్నగా వస్తాయి. వంపు మాత్రం మెట్లు మెట్లుగా దిగుతుంది.

1981లో వచ్చిన డాంకీ కాంగ్ ఆటలో షిగెరు మియమోతో మారియో బొమ్మను గీసింది ఇలాంటి కొద్దిపాటి గళ్లలోనే. నోరు గీయడానికి చోటు చాలక మీసం పెట్టారు, జుట్టు గీసే అవసరం లేకుండా టోపీ పెట్టారు.

ఇక మెట్లను సరిచేసే పద్ధతి చూద్దాం. సాల్ట్ లేక్‌లో ఉంటూ రసగుల్లాను వదిలేస్తే ఎలా? 16 గళ్ల వెడల్పు, 16 గళ్ల ఎత్తులో దాన్ని గీయండి. పైన అడ్డంగా 6 గళ్లు, పక్కకు దిగుతూ 2, తర్వాత 1, ఆపైన నిలువుగా 2, చివరికి పక్క అంచున నిలువుగా 6. మెట్ల పొడవు క్రమంగా తగ్గి మళ్లీ క్రమంగా పెరిగింది. అందుకే కంటికి వంపులా తోస్తుంది. అదే 6, 1, 3, 1 అని ఎగుడుదిగుడుగా వేస్తే రసగుల్లా నలిగిపోతుంది. కాబట్టి ముందు మెట్లు లెక్కపెట్టండి. కొత్త రంగు అవసరం లేకుండానే సగం పని అయిపోతుంది.

రెండో పని మధ్యరంగు. గీత నలుపు, లోపల తెలుపు అయితే మధ్యరంగు బూడిద. పైన ఉన్న 6 గళ్ల మెట్టు చివరి గడికి సరిగ్గా కింద, లోపలి మూలలో ఒక బూడిద గడి పెట్టండి. దూరం నుంచి చూస్తే మెట్టు కరిగిపోతుంది. దీన్నే యాంటీ అలియాసింగ్ అంటారు. పొడవైన మెట్లకే ఇది కావాలి. అడ్డగీత, నిలువుగీత, ఒక్కో గడి చొప్పున దిగే ఏటవాలు గీతలకు అక్కర్లేదు. ఎక్కువైతే బొమ్మ మసకబారుతుంది.

బయటి అంచు దగ్గర ఇంకో జాగ్రత్త అవసరం. స్ప్రైట్ ఒకచోట నిలవదు. నీలాకాశానికి సరిపోయేలా బయట లేతరంగు వేస్తే, అది చీకటి గుహలోకి వెళ్లగానే చుట్టూ తెల్లటి వలయం కనిపిస్తుంది. అందుకే నునుపు లోపలే చేసి, బయటి అంచు గట్టిగా ఉంచుతారు. బొమ్మను పెద్దది చేసేటప్పుడు 2 రెట్లు, 3 రెట్లు అని పూర్ణసంఖ్యల్లోనే పెంచాలి. ఒకటిన్నర రెట్లు చేస్తే కొన్ని గళ్లు లావుగా, కొన్ని సన్నగా అవుతాయి.

ఇప్పుడు మన అక్షరాలకు వద్దాం. ‘కథ’ అని చిన్న గళ్లలో రాసి నునుపు చేయబోతే ‘థ’ పొట్టలోని చుక్క బూడిదలో కలిసిపోతుంది. మిగిలేది ‘కధ’. ‘ఠ’లో చుక్క పోతే ‘ర’లా కనిపిస్తుంది. ‘ఫ’ కింది గీత చెరిగితే ‘ప’ అవుతుంది. రసగుల్లాకు ఒక గడి తగ్గితే అందం తగ్గుతుంది, అక్షరానికి తగ్గితే అర్థమే మారుతుంది. నాన్నగారి బదిలీలతో ఊళ్లు తిరుగుతూ, తెలుగును ఎక్కువగా ఫోను తెర మీదే చూసే మీలాంటి పిల్లలకు ఆ ఒక్క గడి చాలా విలువైనది. అందుకే అక్షరం గీసేటప్పుడు ముందు చుక్కకు, ఒత్తుకు చోటు కేటాయించండి. నునుపు ఆ తర్వాత.

గ్రాఫ్ కాగితం తీసుకుని 16 గళ్లలో ‘ఠ’ గీసి చూడండి. తర్వాత 8 గళ్లలో ప్రయత్నించండి. చుక్క ఎక్కడ ఇరుకున పడిందో మీకే తెలుస్తుంది.