ఎముకను మొలిపించే మందు, దానికొక పందిరి

విరిగిన ఎముక తనంతట తానే అతుకుతుందన్న సంగతి మన పుత్తూరు కట్టు కట్టేవారికి తరతరాలుగా తెలుసు. రెండు ముక్కలనూ ఎదురెదురుగా, కదలకుండా ఉంచితే చాలు. మిగిలిన పని శరీరమే చేసుకుంటుంది. కాని మధ్యలో ముక్కే లేకపోతే? ప్రమాదంలో నుజ్జయినా, కణితి కోసం కోసివేసినా, చిగుళ్ల వ్యాధి వలన దవడ ఎముక తరిగిపోయినా, ఏర్పడిన ఖాళీ ఒక హద్దు దాటితే ఏ కట్టూ దానిని పూడ్చలేదు. అటువంటప్పుడు శస్త్రవైద్యులు రోగి తుంటి ఎముక నుండే కొంత తీసి ఖాళీలో పెడతారు. ఇది నేటికీ నమ్మదగిన పద్ధతే. అయితే ఒక గాయం మాన్పడానికి మరొక గాయం చేయవలసి వస్తుంది, తీయగలిగిన ఎముక కూడా పరిమితమే. కొందరికి అసలు గాయం కంటే తుంటి నొప్పే ఎక్కువ కాలం బాధిస్తుంది.

దీనికి మార్గం చూపినది లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన మార్షల్ యూరిస్ట్. ఎముకను పలుచని హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో నానబెట్టి, అందులోని ఖనిజాన్ని కరిగించి, మిగిలిన మెత్తని పదార్థాన్ని ఆయన జంతువుల కండరాలలో అమర్చారు. ఎముక ఉండకూడని ఆ చోట కొత్త ఎముక పుట్టింది! 1965లో ప్రచురితమైన ఈ ఫలితానికి కారణం ఎముకలో దాగి ఉన్న ఏదో మాంసకృత్తు అని ఆయన ఊహించారు.

ఆ ఊహను రసాయనిక సత్యంగా మార్చిన వారిలో ముఖ్యులు ఢిల్లీ విశ్వవిద్యాలయంలో డాక్టరేట్ పొంది ఈ దేశం వచ్చిన ఎ. హరి రెడ్డి గారు. నోబెల్ బహుమతి గ్రహీత చార్లెస్ హగ్గిన్స్‌తో కలసి షికాగోలో ఆయన ఖనిజం తీసిన ఎముక పొడిని ఎలుకల చర్మం క్రింద ఉంచి రోజు రోజూ పరిశీలించారు. మూడవ రోజుకు కణాలు గుమిగూడాయి, ఏడవ రోజుకు మృదులాస్థి, పన్నెండు రోజులలోపే ఎముక, ఇరవై ఒకటవ రోజుకు మూలుగ కూడా ఏర్పడ్డాయి. గర్భస్థ శిశువులో ఎముక ఏర్పడే క్రమమే ఇక్కడ పునరావృతమైనది.

నా దృష్టిలో అంతకంటే విలువైన ప్రయోగం 1981లో ఆయన టి. కె. సంపత్ గారితో చేసినది. ఎముక పొడిని గ్వానిడీన్ వంటి ద్రావకాలతో కడిగి, కరిగే మాంసకృత్తులనూ, కరగని కొల్లాజెన్ పీచునూ వేరు చేశారు. మాంసకృత్తులను మాత్రమే అమర్చితే ఎముక రాలేదు. పీచును మాత్రమే అమర్చినా రాలేదు. రెండింటినీ మళ్లీ కలిపి పెడితే వచ్చింది! విత్తనమొక్కటే ఉంటే చాలదు, తీగ ప్రాకడానికి పందిరి కూడా కావాలి. ఎముక మొలకెత్తిన తరువాత ఆ పందిరి తనంతట తానే కరిగిపోవాలి. ఈ పని చేయగల పదార్థాలనే జీవపదార్థాలు, అనగా బయోమెటీరియల్స్ అంటున్నాము.

1988లో మసాచుసెట్స్‌లోని జెనెటిక్స్ ఇన్‌స్టిట్యూట్ శాస్త్రజ్ఞులు ఈ మాంసకృత్తుల జన్యువులను వేరు చేశారు. వాటిలో ‘బి.ఎం.పి.-2’ అనే దానిని కొల్లాజెన్ స్పంజిలో నానబెట్టి వాడే ‘ఇన్‌ఫ్యూజ్’ అనే చికిత్సకు 2002లో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ, నడుము వెన్నుపూసలను కలిపే ఒక రకం శస్త్రచికిత్స కోసం అనుమతినిచ్చింది. 2004లో కాలి ఎముక విరుగుళ్లకూ, 2007లో దవడ చికిత్సలకూ అనుమతి విస్తరించింది.

చిక్కు కూడా అక్కడే వచ్చింది. కొల్లాజెన్ స్పంజి మాంసకృత్తును గట్టిగా పట్టి ఉంచలేదు. చాలా భాగం తొలిరోజులలోనే బయటికి పోతుంది. రక్తంలో చేరినది కొద్ది నిమిషాలలోనే నశిస్తుంది. ఈ నష్టాన్ని పూరించడానికి మిల్లీలీటరుకు 1.5 మిల్లీగ్రాముల మోతాదు పెట్టారు. ఇది సహజంగా ఎముకలో ఉండే దానికంటే ఎన్నో వేల రెట్లు ఎక్కువ. మడికి నీరు పారించినట్లు మందును గుమ్మరిస్తే అది గట్టు దాటి పక్క చేలోకి కూడా పోతుంది. అనుమతి లేకున్నా కొందరు వైద్యులు దీనిని మెడ వెన్నుపూసలకు వాడగా, గొంతు వాచి, ఊపిరాడక ప్రాణాపాయం కలిగిన రోగులున్నారని 2008లో ఆ సంస్థ హెచ్చరించింది. వెన్నుపూసల చికిత్సలో తుంటి ఎముక కంటే ఇది స్పష్టంగా మెరుగేమీ కాదని 2013లో రెండు స్వతంత్ర సమీక్షలు తేల్చాయి. మందు మీద పెట్టిన శ్రద్ధలో సగమైనా వాహకం మీద పెట్టి ఉంటే ఇంత జరిగేది కాదేమోనని నాకనిపిస్తుంది.

నేటి పరిశోధన అంతా పారుదల మాని బిందు సేద్యం వైపు నడుస్తున్నది. ఎముకలోని ఖనిజాన్ని పోలిన కాల్షియం ఫాస్ఫేట్ మాంసకృత్తులను తన ఉపరితలానికి అంటించుకుంటుంది. హెపారిన్‌కు బి.ఎం.పి.-2 అంటే సహజమైన ఆకర్షణ ఉన్నది. కరిగిపోయే కుట్టుదారాలలో వాడే లాక్టిక్, గ్లైకోలిక్ ఆమ్లాల పాలిమర్ నీటిలో మెల్లగా తునిగి, తిరిగి ఆ ఆమ్లాలుగానే మారుతుంది. ఆ రెండింటి పాళ్లు మార్చితే కరిగే కాలమూ మారుతుంది. మా రసాయన శాస్త్రజ్ఞుల చేతివాటమంతా ఆ పాళ్లలోనే ఉన్నదని చెప్పవచ్చు.

ఎం.ఐ.టి.లో పాలా హామండ్ బృందం 2014లో ఇటువంటి పాలిమర్ పొర మీద రెండు మందులను పూతలుగా పూసింది. గాయం మానడానికి పిలుపునిచ్చే ‘పి.డి.జి.ఎఫ్.’ ముందుగా విడుదలవుతుంది, ఎముకను కట్టే బి.ఎం.పి.-2 నిదానంగా వస్తుంది. ఎలుకల పుర్రెలలో చేసిన రంధ్రాలను ఈ పొర ఎముకతో పూడ్చింది. అయితే ఎలుక పుర్రెకూ, మనిషి బరువు మోసే కాలికీ చాలా దూరమున్నది.

దంతవైద్యంలో మాత్రం ఒక మెట్టు ముందే ఎక్కారు. పి.డి.జి.ఎఫ్.ను కాల్షియం ఫాస్ఫేట్ రేణువులతో కలిపి, చిగుళ్ల వ్యాధి వలన తరిగిన ఎముకకు వాడడానికి 2005లోనే అనుమతి లభించింది. మనలో ఎవరికైనా, మన దగ్గరకు వచ్చిన తల్లిదండ్రులకైనా ఇటువంటి చికిత్స సూచిస్తే, ఏ మందు అని మాత్రమే గాక, దేనిలో పెడుతున్నారు, ఈ భాగానికి దానికి అనుమతి ఉన్నదా, ఎంత మోతాదు, పూర్వం కేన్సరు వచ్చి ఉంటే పనికి వస్తుందా అని వైద్యుని అడగవచ్చును.