అమ్మ చార్మినార్ ఎక్కింది

హైదరాబాదులో కాపురమున్నవాళ్ళకి చార్మినార్ ఒక గుర్తు మాత్రమే. బస్సు ఎక్కడ దిగాలో, గాజుల బేరానికి ఎటు మళ్ళాలో చెప్పుకోవడానికి పనికివస్తుంది. దాన్ని ఎక్కి చూడడమన్నది పైవూళ్ళనుంచి వచ్చిన చుట్టాల పని!

మా అమ్మ 1966లో ఈ ఊరికి కాపురానికి వచ్చింది. శాలిబండలో రెండు గదుల వాటాలో అయిదేళ్ళున్నారు. వారానికి రెండు మూడుసార్లయినా చార్మినార్ పక్కనుంచే నడిచేది. ఎక్కుదామని అడిగినప్పుడల్లా నాన్నగారు, "అదెక్కడికి పోతుందే? వచ్చే ఆదివారం చూద్దాం" అనేవారట. ఆ ఆదివారం రాకముందే కర్నూలు బదిలీ వచ్చింది. తరువాత వేరే ఊళ్ళు, పిల్లలు, చదువులు. నాన్నగారు పోయి కూడా చాలా ఏళ్ళయింది.

మొన్న చలికాలంలో ఓ పొద్దున కాఫీ తాగుతూ, "ఒరే, ఆ చార్మినార్ నాచేత ఎక్కిస్తావుట్రా?" అన్నది అమ్మ. ఆవిడకి డెబ్బయి దాటి చాలా కాలమైంది. మోకాళ్ళు అరిగిపోయాయని డాక్టరు మా యింట్లో ఉన్న నాలుగు మెట్లు కూడా ఎక్కవద్దన్నాడు. "కిందనుంచి చూద్దాం లెండి, అత్తయ్యా" అన్నది నా భార్య.

"కిందనుంచి నేను చూసినంత ఎవరూ చూసి వుండరు, తల్లీ" అన్నది అమ్మ. ఇక దానికి జవాబేముంది?

రద్దీ మొదలుకాకముందే చేరుకున్నాం. కిందనుంచి చూసినంత అన్నది కదా, అసలు కింద చూడవలసినదే చాలా వుంది. ఒక్కొక్క వైపు సుమారు 66 అడుగుల చదరపు కట్టడం, నాలుగు దిక్కులకూ నాలుగు పెద్ద కమానులు, నాలుగు మూలలా 160 అడుగుల మినార్లు. కమానుల మీది గడియారాలు మాత్రం తరవాత 1889లో పెట్టినవి. మహమ్మద్ కులీ కుతుబ్‌షా దీన్ని 1591లో కట్టించాడు. అప్పటికి ఇస్లాం పంచాంగంలో వెయ్యో సంవత్సరం నడుస్తున్నది. ప్లేగు తగ్గినందుకు మొక్కుగా కట్టించాడని ఒక కథ చెబుతారు. ఈయన తండ్రి ఇబ్రహీం విజయనగరంలో ఏడేళ్ళు తలదాచుకుని, తెలుగు రుచి మరిగి వచ్చినవాడు. మన కవులు ఆయన్ని మల్కిభరాముడన్నారు. అద్దంకి గంగాధరకవి తన తపతీ సంవరణోపాఖ్యానం ఆయనకే అంకితమిచ్చాడు. ఇదంతా అమ్మకి చెప్పబోతే, "పైకి వెళ్ళాక చెబుదువుగాని, ఓపిక దాచుకోనీ" అన్నది.

మొత్తం 149 మెట్లంటారు. మేము వెళ్ళిన రోజున సందర్శకుల్ని మొదటి అంతస్తు వరకే పంపిస్తున్నారు. అదే మా అదృష్టం. మెట్లు మినారు కడుపులో సుడి తిరుగుతూ పోతాయి. ఇరుకు, చీకటి. ఒక్కొక్క మెట్టు మన ఇళ్ళలో మెట్టుకంటే ఎత్తు. అమ్మ ఒక చేత్తో గోడా, ఇంకో చేత్తో నా భుజమూ పట్టుకుని, పది మెట్లకొకసారి ఆగింది. మూడోసారి ఆగినప్పుడు నాకు నిజంగానే భయం వేసింది. వెనక్కి వెళ్దామా అన్నాను. వెనక జనం, ముందు జనం. ఒక కాలేజీ కుర్రాడు, "నెమ్మదిగా రండి, అమ్మమ్మా, మేం ఆగుతాం" అన్నాడు. వెనకవాళ్ళంతా నిజంగానే ఆగారు.

ఆ విశ్రాంతిలో అమ్మ గోడ తడిమింది. "ఇది డంగు సున్నంరా! మా తాతగారింటి గోడలు ఇలాగే వుండేవి. గానుగలో తిప్పి, బెల్లమూ కరక్కాయా నానేసిన నీళ్ళు పోసేవారు" అన్నది. చార్మినార్ లోపల రాయి వున్నా, పైన కనిపించే పువ్వులూ, తీగలూ, రేకులూ అంతా సున్నపు పనే. 2019 మే నెలలో ఒక మినారు నుంచి ఆ పనిలో ఒక పెచ్చు ఊడి కింద పడింది. నాలుగువందల ఏళ్ళ సున్నం మరి. అటువంటి గోడమీద మేకుతో పేర్లు గీకే ప్రేమికులని ఏమనాలి!

వెలుతురులోకి వచ్చేసరికి అమ్మ మాట్లాడలేదు. కాసేపు కూర్చున్నాక లేచి నిలబడింది.

కింద నడిచేటప్పుడు ఆ బజారు వట్టి గందరగోళం. పైనుంచి చూస్తే గీత గీసినట్టుంది. మీర్ మోమిన్ అస్త్రాబాదీ అన్న మంత్రి ఈ కట్టడాన్ని నడుమ పెట్టి, నాలుగు వైపులకీ నాలుగు దారులు వదిలి నగరానికి పథకం వేశాడు. ఉత్తరాన చార్‌కమాన్, దాని నడుమ గుల్జార్ హౌజ్, ఆ దారినే పోతే మూసీ. పడమట లాడ్‌బజారు. నైరుతిన 1617లో మొదలుపెట్టి 1694లో పూర్తిచేసిన మక్కామసీదు. పై అంతస్తులో పడమటివైపున ఇంకో మసీదు వున్నది, అక్కడికి మాకు దారి లేదు.

అమ్మకి ఇవేవీ పట్టలేదు. తిన్నగా దక్షిణం వైపు వెళ్ళి నిలుచుంది. "గడియారస్తంభం దాటాక ఎడమచేతి సందు. సందు చివర వేపచెట్టు" అంటూ కళ్ళు చికిలించింది. నాకు కనిపించినవి నీళ్ళ టాంకులూ, ఇనపచువ్వలూ, ఆరేసిన దుప్పట్లూ.

"అదేనా గడియారస్తంభం?"

"అయివుండవచ్చమ్మా" అన్నాను.

"అదే," అన్నది అమ్మ. "సాయంత్రం అయిదున్నరకి మీ నాన్న ఆ రోడ్డువెంటే సైకిలు నడిపించుకుంటూ వచ్చేవారు. తొక్కడానికి సందు ఉండేది కాదు. నేను కిటికీలోంచి చూస్తే సందు మలుపు దాకానే కనిపించేది." ఇంకా చాలాసేపు అటే చూసింది. ఫొటో తీస్తానంటే వద్దన్నది.

దిగడం ఎక్కడంకంటే కష్టమైంది. ఆ కుర్రాడు మా ముందు వెనక్కి తిరిగి నడుస్తూ దిగాడు, ఆవిడ తూలితే పట్టుకోవడానికి.

లాడ్‌బజారులో మనవరాలికి లక్కగాజులు కొంటానన్నది. కొట్లోవాడు కొలత అడిగితే నాకు తెలియదన్నాను. "రెండూ నాలుగు" అన్నది అమ్మ, వేళ్ళు దగ్గరికి ముడిచి చూపిస్తూ. ఇంటికి వచ్చి మా అమ్మాయి వేసుకుంటే సరిగ్గా సరిపోయాయి.